‘నెట్ రావట్లేదు’ అంటే ఏమిటి? బడి పిల్లలకు కంప్యూటర్ నెట్‌వర్కుల పరిచయం

విశాఖపట్నంలో సముద్రానికి బాగా దగ్గరగా ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో కొంతకాలం పదో తరగతి పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పాను. వానాకాలంలో ఒక మధ్యాహ్నం, ల్యాబ్‌లోని ఇరవై కంప్యూటర్లలో కిటికీ పక్కనున్న ఒక్కదానికి మాత్రం ఇంటర్నెట్ అందడం మానేసింది. దాని ముందు కూర్చున్న ముగ్గురిలో ఇద్దరు నెట్ పోయిందని తేల్చేశారు. మూడో అమ్మాయి ఒప్పుకోలేదు. “పక్కదానికి వస్తంది కదండీ మేష్టారూ. నెట్ పోలేదు, మన దాకా రావట్లేదంతే” అంది. ఆ రోజు చెప్పవలసిన పాఠం పక్కన పెట్టి, ‘మన దాకా’ అన్న ఆ మాట పట్టుకునే మిగిలిన వారమంతా నడిచాం. ఈ వ్యాసమూ అదే దారిన నడుస్తుంది.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సమాచారం ఇచ్చిపుచ్చుకునేలా కలిపిన ఏర్పాటును నెట్‌వర్క్ అంటారు. ఒక గదిలోనో ఒక భవనంలోనో ఉన్న యంత్రాలను కలిపే చిన్న నెట్‌వర్కును వాడుకలో ల్యాన్ అంటున్నాం. బడిలోని ల్యాబ్ ఒక ల్యాన్. విశ్వవిద్యాలయానికి, పోర్టుకు, ఉక్కు కర్మాగారానికి, వీధి చివరి బ్యాంకు శాఖకు ఎవరి నెట్‌వర్కులు వారికున్నాయి. ప్రపంచమంతటా ఉన్న ఇలాంటి వేలాది నెట్‌వర్కులు ఒకే రకమైన నియమాలకు కట్టుబడి తమలో తాము మాట్లాడుకోవడానికి ఒప్పుకోగా ఏర్పడిన పెద్ద అల్లికే ఇంటర్నెట్. అందువల్లనే వీధిలో ఫైబర్ తెగిపోయిన రోజున కూడా ల్యాబ్‌లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకొకదానికి ఫైలు పంపవచ్చు, ప్రింటరులో కాగితం తీయవచ్చు. బయటి తీగను పీకేసి ఈ పని ఒకసారి చేసి చూపిస్తే, నెట్‌వర్కుకూ ఇంటర్నెట్‌కూ తేడా ఏమిటన్న ప్రశ్న పిల్లలు మళ్లీ అడగరు.

ముందుగా తీగ సంగతి చూద్దాం. ల్యాన్ కేబుల్ పైతొడుగును రెండంగుళాల మేర ఒలిస్తే, నాలుగు జతలుగా మెలిపెట్టిన ఎనిమిది రాగి తీగలు బయటపడతాయి. మెలికలు విప్పి, వేళ్లతో సాపు చేసి, తెలుపు–నారింజ, నారింజ, తెలుపు–ఆకుపచ్చ, నీలం, తెలుపు–నీలం, ఆకుపచ్చ, తెలుపు–గోధుమ, గోధుమ అనే వరుసలో వాటిని పక్కపక్కన పేర్చి, కొనలు సమంగా కత్తిరించి, అవతలి వైపు కనిపించే ప్లాస్టిక్ జాక్‌లోకి తోయాలి. జాక్ ముందు వైపునుంచి చూస్తే ఎనిమిది రాగి చుక్కలూ మెరుస్తూ కనబడాలి. ఒక్క చుక్క వెనకబడినా పని మొదటికి వస్తుంది. క్రింపింగ్ ప్లయరులో పెట్టి గట్టిగా నొక్కితే, జాక్‌లోని ఎనిమిది చిన్న లోహపు పళ్లు టక్కున దిగి, తీగల తొడుగులను చీల్చుకుని రాగిని పట్టుకుంటాయి.

తీగలను మెలిపెట్టడం అందం కోసం చేసిన పని కాదు. గదిలోని ఫ్యాను, ట్యూబులైటు, పక్కనే పోతున్న కరెంటు తీగ, ఇవన్నీ తమ చుట్టూ విద్యుదయస్కాంత అలజడిని పుట్టిస్తాయి. జతలోని రెండు తీగలలో ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉండే సంకేతాలు ప్రయాణిస్తాయి, అవతలి యంత్రం ఆ రెండింటి మధ్య తేడాను మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. మెలి వేసి ఉన్నందువల్ల బయటి అలజడి రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది కాబట్టి, తేడా తీసేసరికి అది దానంతటదే కొట్టుకుపోతుంది. పదో తరగతి పిల్లవాడు తీసివేత లెక్కగా అర్థం చేసుకోగల ఈ ఉపాయంతోనే ఒక రాగి కేబుల్ 100 మీటర్ల దాకా సమాచారాన్ని చెడకుండా మోస్తుంది. పాఠ్యపుస్తకాలు నక్షత్రం, వలయం, బస్సు (అన్ని యంత్రాలనూ ఒకే పొడవాటి తీగకు తగిలించడం) అంటూ నెట్‌వర్కు ఆకారాల బొమ్మలు గీయించడానికి చాలా పేజీలు వాడతాయి. వలయాలు, బస్సులు ఇప్పుడు మన భవనాల్లో దాదాపు ఎక్కడా కనిపించవు. ఆ సమయాన్ని సగానికి తగ్గించి, పిల్లల చేతికి ఒక ప్లయరు, రెండు జాక్‌లు ఇస్తే మేలని నా గట్టి అభిప్రాయం.

వైఫై కూడా ఇదే పనిని తీగ లేకుండా రేడియో తరంగాలతో చేస్తుంది. వైఫై ఉంటే ఇంటర్నెట్ ఉన్నట్టేనని చాలామంది పెద్దలు కూడా అనుకుంటారు కానీ, అది మన ఫోనుకూ గోడ మీది పెట్టెకూ మధ్య ఉన్న కొద్ది మీటర్ల వంతెన మాత్రమే. ఫోనులో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తూనే ఒక్క పేజీ కూడా తెరుచుకోకపోవడానికి కారణం ఇదే.

ల్యాబ్‌లోని తీగలన్నీ వెళ్లి చేరే పెట్టెను స్విచ్ అంటారు. లైటు స్విచ్‌తో దీనికి పేరులో తప్ప పోలిక లేదు. ప్రతి కంప్యూటర్‌లోని నెట్‌వర్కు కార్డుకూ తయారీలోనే ఇచ్చిన 48 బిట్ల (బిట్ అంటే 0 లేదా 1 అనే ఒక్క అంకె) గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది, దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు. ఏ తీగకు అవతల ఏ కంప్యూటర్ ఉందో స్విచ్‌కు ఎవరూ చెప్పరు, అది చూసి నేర్చుకుంటుంది. కాలనీకి కొత్తగా వచ్చిన కాపలాదారును తలచుకోండి. ఎవరిది ఏ ఇల్లో అతనికి మొదటిరోజు తెలియదు, ఎవరికైనా కబురు వస్తే ప్రతి గుమ్మం దగ్గరా కేకేస్తాడు. ఎవరు ఏ గుమ్మంలోంచి బయటికి వస్తున్నారో గమనించి గుర్తు పెట్టుకుంటాడు కాబట్టి రెండోసారి నేరుగా ఆ గుమ్మానికే వెళతాడు. స్విచ్ సరిగ్గా అలాగే, తన దగ్గరికి వచ్చే ప్రతి కబురు మీదా పంపినవారి సంఖ్యను చదివి, అది ఏ రంధ్రంలోంచి వచ్చిందో పట్టికలో రాసుకుంటుంది. చాలాసేపు చప్పుడు లేని పేర్లను కొట్టేస్తుంది కూడా, ఎందుకంటే ఆ కంప్యూటర్‌ను వేరే బల్ల మీదికి మార్చి ఉండవచ్చు.

ఇప్పుడు తీగల మీద నడిచే సరుకు దగ్గరికి వద్దాం. ఆర్కే బీచ్‌లో తీసిన ఒక ఫొటో 30 లక్షల బైట్లు (బైటు అంటే 8 బిట్లు) ఉందనుకుందాం. అది ఒకే ముద్దగా పోదు. సాధారణంగా ఒక్కొక్కటి 1500 బైట్లకు మించని ముక్కలుగా, అంటే రెండు వేలకు పైగా ముక్కలుగా విడిపోయి పోతుంది. ఈ ముక్కను ప్యాకెట్ అంటారు. ఎవరు పంపారు, ఎవరికి చేరాలి, ఇది ఎన్నో ముక్క అన్న వివరాలు ప్రతి ప్యాకెట్ నుదుటి మీదా ఉంటాయి. పాత టెలిఫోనులో ఇద్దరు మాట్లాడుకుంటున్నంతసేపూ, వారు మౌనంగా ఉన్నా సరే, ఆ దారి వారికే కేటాయించి ఉండేది. ప్యాకెట్ల పద్ధతిలో దారి ఎవరి సొంతమూ కాదు. నా ఫొటో ముక్కలు రెండింటి మధ్య మీ ఉత్తరం ముక్క ఒకటి దూరి వెళ్లిపోతుంది. ఈ ఆలోచన 1960లలో అమెరికాలో పాల్ బారన్‌కూ, బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్‌కూ ఎవరికి వారికే తట్టింది. ప్యాకెట్ అన్న పేరు డేవిస్ పెట్టినదే. దీని మీద కట్టిన అమెరికా పరిశోధన నెట్‌వర్కు ఆర్పానెట్‌లో మొదటి సందేశం 1969 అక్టోబరు 29న కాలిఫోర్నియాలోని ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి వెళ్లింది. ‘లాగిన్’ అని ఒక్కొక్క అక్షరమే పంపుతుండగా మొదటి రెండు అక్షరాలు చేరగానే అవతలి యంత్రం ఆగిపోయింది. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందింది.

ప్యాకెట్ గది దాటి ఊరు దాటాలంటే మ్యాక్ సంఖ్య చాలదు. అది మనిషి వేలిముద్ర లాంటిది. ఎవరో చెబుతుంది గానీ ఎక్కడున్నారో చెప్పదు. ఉత్తరం చేరడానికి వేలిముద్ర పనికిరాదు, చిరునామా కావాలి. ఎంవీపీ కాలనీ పిన్‌కోడు 530017. దీన్ని ఢిల్లీలో చూసేవారికి మొదటి అంకె 5 కనిపిస్తే చాలు, ఉత్తరాన్ని దక్షిణాది సంచిలో వేస్తారు. 530 అన్న మూడంకెలు దాన్ని విశాఖకు చేరుస్తాయి. చివరి మూడంకెలతో విశాఖలోని తపాలా సిబ్బందికే పని. ఐపీ అడ్రస్ కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. అందులో ముందు భాగం నెట్‌వర్కును, వెనక భాగం ఆ నెట్‌వర్కులోని యంత్రాన్ని తెలుపుతాయి. పాత పద్ధతిలో ఈ అడ్రసు 32 బిట్లు కాబట్టి ప్రపంచం మొత్తానికి దాదాపు 429 కోట్ల అడ్రసులే వస్తాయి. అవి చాలక, ఒక ఇంట్లోని ఫోన్లు, టీవీ, కంప్యూటర్ అన్నీ 192.168తో మొదలయ్యే లోపలి అడ్రసులు పెట్టుకుని, బయటికి వెళ్లేటప్పుడు ఇంట్లోని నెట్ పెట్టె, అంటే రౌటర్ అడ్రసును ఉమ్మడిగా వాడుకుంటున్నాయి. అపార్ట్‌మెంటుకు వీధి నంబరు ఒకటే ఉండి, లోపల ఫ్లాట్ నంబర్లు వేరుగా ఉన్నట్టన్నమాట. 128 బిట్ల కొత్త అడ్రసులు మన మొబైల్ నెట్‌వర్కుల్లో ఇప్పటికే విరివిగా వాడుకలో ఉన్నాయి.

ఒక నెట్‌వర్కు నుంచి ఇంకొక నెట్‌వర్కుకు ప్యాకెట్‌ను దాటించే యంత్రం రౌటర్. రౌటర్‌కు గమ్యం వరకూ దారి మొత్తం తెలుసని పిల్లలు అనుకుంటారు. నిజానికి దానికి తెలిసినది తన తరువాతి మజిలీ ఒక్కటే. గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్సుకు రావడానికి ఎన్‌ఏడీ కొత్తరోడ్డు మీదుగా ఒక దారి ఉంది, మల్కాపురం, సింధియా, కాన్వెంట్ జంక్షన్ మీదుగా ఇంకొకటి ఉంది. ప్రతి కూడలిలోనూ ఒక మనిషి నిలబడి, వచ్చిన బండి నంబరు పలకకు బదులు అది వెళ్లవలసిన ఊరిపేరు మాత్రం చదివి, ఇటు పొమ్మని చెయ్యి చూపిస్తున్నాడనుకోండి. అతను బండిని గుర్తు పెట్టుకోడు, అది చేరిందో లేదో విచారించడు. ఎన్‌ఏడీ దగ్గర దారి మూసేశారని పక్క కూడలి నుంచి కబురు రాగానే తరువాతి బండిని సింధియా వైపు పంపుతాడు. రౌటర్లు ఒకదానికొకటి ఇలా కబుర్లు చెప్పుకుంటూ తమ పట్టికలు మార్చుకుంటూనే ఉంటాయి. అందువల్ల ఒకే ఫొటోలోని ముక్కలు వేర్వేరు దారుల్లో పోవచ్చు, వెనక బయలుదేరినది ముందు చేరవచ్చు, కొన్ని అసలు చేరకపోనూవచ్చు.

ఈ చివరి మాట దగ్గర తరగతిలో ఎవరో ఒకరు తప్పకుండా అడ్డు తగులుతారు. చేరకపోతే ఫొటో సగమే రావాలి కదా? ఇక్కడే నెట్‌వర్కుల రూపకల్పనలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే నిర్ణయం ఉంది. మధ్యలో ఉన్న రౌటర్ల మీద అప్పగింత బాధ్యత పెట్టలేదు. దారి తెగుతుందని, ముక్కలు పోతాయని ముందే అనుకుని, సరిచూసుకునే పనిని రెండు చివరల ఉన్న కంప్యూటర్లకు అప్పగించారు. అమెరికా ఇంజనీర్లు వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రకటించిన ఈ ఏర్పాటు నుంచే టీసీపీ అనే నియమావళి పుట్టింది. ఆర్పానెట్ మొత్తం 1983 జనవరి 1న దానికి మారింది. పంపేవాడు ముక్కలకు వరుస సంఖ్యలు వేస్తాడు. అందుకునేవాడు ఫలానా సంఖ్య దాకా ముట్టినట్టు రసీదు పంపుతాడు. కొంత వ్యవధిలో రసీదు రాకపోతే పంపేవాడు ఆ ముక్కను మళ్లీ పంపుతాడు. ముందూ వెనకా వచ్చిన ముక్కలను అవతలివాడు సంఖ్యల ప్రకారం పేర్చుకుంటాడు. సరుకు పోగొట్టే దారుల మీద కూడా చెక్కుచెదరని ఫొటో చేరుతున్నదంటే, దాని వెనక ఈ రసీదుల లెక్క ఉంది.

ఇందులో ఒక చిక్కు ఉంది, అది ఒకసారి నిజంగానే కొంప ముంచింది. దారి ఇరుకైతే రౌటర్ దగ్గర ప్యాకెట్లు బారులు తీరతాయి, బారు నిండిపోతే కొత్తగా వచ్చినవాటిని రౌటర్ పారేస్తుంది. రసీదు రాని కంప్యూటర్లన్నీ అదే ముక్కలను మళ్లీ పంపితే రద్దీ మరింత పెరుగుతుంది, ఇంకా ఎక్కువ ముక్కలు పోతాయి. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో అర కిలోమీటరు దూరం కూడా లేని రెండు సంస్థల మధ్య, సెకనుకు 32 వేల బిట్ల వేగంతో నడవవలసిన సమాచారం 40 బిట్లకు పడిపోయింది. దాని కారణాలు వెతికిన వాన్ జాకబ్‌సన్ 1988లో పరిష్కారం చూపాడు. ముక్క పోయిందంటే దారిలో రద్దీ ఉందని అర్థం చేసుకుని, పంపే కంప్యూటరే తన వేగాన్ని తగ్గించుకోవాలి, రసీదులు సక్రమంగా వస్తున్నకొద్దీ మెల్లమెల్లగా పెంచుకోవాలి. ఈ రోజు మీరు పెద్ద ఫైలు దించుతున్నప్పుడు వేగం పెరుగుతూ, తటాలున తగ్గి, మళ్లీ పెరగడం వెనక ఉన్నది చాలావరకు ఇదే మర్యాద.

అన్ని పనులకూ రసీదులు కుదరవు. వీడియో కాల్‌లో అమ్మమ్మ అన్న మాటలో ఒక ముక్క పోతే, అర సెకను తరువాత దాన్ని మళ్లీ తెప్పించి ఉపయోగం లేదు, ఆవిడ అప్పటికి తరువాతి మాటలోకి వెళ్లిపోయి ఉంటుంది. అందుకని ఇలాంటి వాటికి రసీదుల ఊసు లేని యూడీపీ అనే తేలిక పద్ధతి వాడతారు. ఫోనులో గొంతు తెగి తెగి వినిపించడం, అదే లైను మీద వచ్చిన పాఠం పీడీఎఫ్‌లో మాత్రం ఒక్క అక్షరమూ తప్పిపోకపోవడం ఈ రెండు పద్ధతుల మధ్య తేడాయే.

మనం సంఖ్యలు టైపు చేయము, పేర్లు టైపు చేస్తాం. పేరుకు తగిన ఐపీ అడ్రసును వెతికి ఇచ్చే ఏర్పాటును డీఎన్‌ఎస్ అంటారు. 1983లో పాల్ మొకపెట్రిస్ దీన్ని రూపొందించాడు. ఈ ఒక్క వ్యవస్థ పలకకపోయినా తీగ, స్విచ్, రౌటర్ అన్నీ బాగున్నప్పుడు కూడా పేజీలు తెరుచుకోవు.

వేగం అన్న మాటను కూడా విడదీయాలి. సెకనుకు ఎంత సమాచారం పోతుందన్నది ఒకటి, మొదటి ముక్క చేరడానికి ఎంతసేపు పడుతుందన్నది మరొకటి. రోడ్డు వెడల్పు పెంచినంత మాత్రాన ఊరు దగ్గరికి రాదు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. విశాఖ నుంచి 800 కిలోమీటర్ల తీగ వెంట చెన్నైకి వెళ్లి రావడానికి దానికి 8 మిల్లీసెకన్లు తప్పనిసరి. అమెరికా తూర్పు తీరానికైతే ఎంత ఖరీదైన కనెక్షను పెట్టించుకున్నా వెళ్లి రావడానికి వందకు పైగా మిల్లీసెకన్లు పడుతుంది. ఆటలో తమ బొమ్మ ఆలస్యంగా కదులుతోందని పిల్లలు విసుక్కునేది ఎక్కువగా ఈ రెండో వేగం గురించే.

దేశాల మధ్య సమాచారంలో అత్యధిక భాగం ఉపగ్రహాల ద్వారా కాక సముద్రం అడుగున పరచిన గాజు తీగల ద్వారా పోతుందని చెబితే, సముద్రాన్ని రోజూ చూసే మన పిల్లలకు చాలా ఆశ్చర్యం. మన దేశంలో ఆ తీగలు ప్రధానంగా ముంబై, చెన్నై తీరాల్లో ఒడ్డుకు చేరుతున్నాయి. ఎదురుగా సముద్రం ఉన్నా, విశాఖ కుర్రవాడి సందేశం విదేశాలకు పోవాలంటే ముందు నేల మీద ఆ నగరాలకు వెళ్లాలి. 2025 అక్టోబరులో విశాఖలో పెద్ద డేటా కేంద్రాన్ని ప్రకటించినప్పుడు, దానితోపాటు సముద్రపు తీగలు ఒడ్డుకు చేరే ద్వారాన్ని కూడా ఇక్కడ నిర్మిస్తామని గూగుల్ చెప్పింది. ఇంకొక దారి ఏర్పడడం ఎందుకు ముఖ్యమో, రౌటర్ల సంగతి చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

అయితే దారులు ఎన్ని ఉన్నాయన్నది కాగితం మీద లెక్కపెట్టకూడదు. 2014 అక్టోబరు 12, ఆదివారం హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో ఫోన్లు మూగబోయాయి. సెల్ టవర్లు వేర్వేరు కంపెనీలవి, తీగలు వేర్వేరు దారులవి, అయినా వాటిలో చాలావాటికి కరెంటు ఇచ్చే స్తంభాలు ఒకే గాలికి పడిపోయాయి, బ్యాటరీలు కొన్ని గంటలకే అయిపోయాయి. రెండు దారులు ఒకే స్తంభం మీద ఆనుకుని ఉంటే అవి ఒకటే దారి. ఆ తరువాత నగరంలో కరెంటు తీగలను భూమిలోపల వేసే పనిని ప్రపంచ బ్యాంకు రుణ సహాయంతో చేపట్టారు. నెట్‌వర్కుల పాఠంలో కరెంటు స్తంభాల ప్రస్తావన ఏమిటని కొందరు తోటి ఉపాధ్యాయులు అడిగారు. ఆ వారం ఇక్కడ గడిపిన పిల్లలు మాత్రం ఆ ప్రశ్న వేయలేదు.

ఇక మా కిటికీ పక్క కంప్యూటర్. అవతల ఒక యంత్రం పలుకుతోందో లేదో తెలుసుకోవడానికి ‘పింగ్’ అనే చిన్న ఆదేశం ఉంది. ఆ ముగ్గురూ దగ్గర నుంచి దూరానికి ఒక వరుస పెట్టుకున్నారు. ముందు తమ కంప్యూటర్‌నే, అంటే 127.0.0.1ని పిలిచారు, పలికింది. తరువాత బడి రౌటర్‌ను పిలిచారు, జవాబు లేదు. అదే పలికి ఉంటే 8.8.8.8 లాంటి బయటి అడ్రసును, అదీ పలికితే చివరగా ఒక పేరును పిలవాలని కాగితం మీద రాసుకున్నారు గానీ అంత దూరం పోనక్కర లేకపోయింది. స్విచ్ దగ్గరికి వెళ్లి ఆ తీగను వేరే రంధ్రంలో గుచ్చి చూశారు, దీపం వెలగలేదు. తీగ రెండో కొన కంప్యూటర్ వెనక కిటికీ వైపే ఉంది. జాక్ బయటికి తీసి వెలుగులో పెట్టి చూస్తే, లోహపు పళ్ల మీద పలచగా ఆకుపచ్చ రంగు పట్టింది. ఉప్పుగాలికి ఇత్తడి బిందెలకు పట్టే చిలుమే అది.

ఆ కొన కత్తిరించి కొత్త జాక్ వేసే పని ఆ అమ్మాయికే ఇచ్చాను. మొదటిసారి గోధుమ రంగు తీగ కొన వెనకబడింది. రెండోసారి ఎనిమిది చుక్కలూ కనిపించాయి. గుచ్చగానే స్విచ్ మీద దీపం మిణుకుమంది, రౌటర్ ఒక మిల్లీసెకను లోపే పలికింది. తరువాత ఎవరూ చెప్పకుండానే కిటికీ వరుసలో మిగిలిన నాలుగు జాక్‌లు కూడా తీసి చూశారు. రెండింటికి చిలుము అప్పుడే మొదలైంది.